ఎర్రసిరాతో ‘ఎవరు?’

 ఈ సభ ఆహ్వానపత్రం మీద మా మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా చక్కగా అచ్చయింది. ఆ పేరుతో ఆయన్ని నేనెప్పుడూ పిలవలేదు. పోయాక కొత్తగా పిలవడం నా వల్ల కాదు. ఈ ఉపన్యాసం పొడుగునా ఆయన మాస్టారే.

అచ్చుప్రతి చదివేవారికి ఒక మనవి. కమాండ్లను నేను వేదిక మీద ఎలా పలికానో అలాగే తెలుగు అక్షరాల్లో ఉంచమన్నాను. ఇంగ్లిషులో కనబడితే తప్ప అది కమాండ్ అనిపించని వారికి కాస్త ఇబ్బందే. కానీ మాస్టారు కూడా కమాండ్లను నోటితోనే నేర్పారు. బోర్డు మీద రాస్తే స్పేస్ ఎక్కడుందో వెనక బెంచీకి కనబడదని, “ఎల్ఎస్, ఖాళీ, మైనస్ ఎల్” అని మాచేత చదివించేవారు. ఖాళీని కూడా పలకాలి. పలకనివాడు టైపు కూడా చెయ్యడు అనేవారు.

మా ల్యాబ్‌లో ఉన్నది ఒకే ఒక్క యూనిక్స్ మెషీను, దానికి ఎనిమిది టెర్మినళ్లు. పుస్తకం అంటూ లేదు. మాస్టారి చేతిరాత నోట్సు ఒరిజినల్ కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఉండేది. ప్రతి బ్యాచ్ వెళ్లి కాపీ తీయించుకునేది. ఏటా వేసవిలో ఆయన ఆ ఒరిజినల్ తెప్పించుకుని, కొన్ని వాక్యాలు కొట్టేసి వాటి పైన సన్నగా మళ్లీ రాసేవారు. కొట్టేసిన వాక్యం కూడా జిరాక్స్‌లో పడేది కాబట్టి మేం రెండూ చదివేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ కొట్టేసిన వాక్యాల నుంచే నేను ఎక్కువ నేర్చుకున్నాను. మొదటి వాక్యంలో తప్పేమీ కనబడేది కాదు. మరి ఎందుకు కొట్టేశారు? అదే ఆలోచన.

మేం రాసుకెళ్లిన రికార్డుల్లో కూడా ఆయన తప్పులకు ఇంటూ మార్కు పెట్టేవారు కాదు. వాక్యం పక్కన, మార్జిన్‌లో, ఎర్రసిరాతో ‘ఎవరు?’ అని ఒక్క మాట రాసేవారు. నాకు మూడు సెమిస్టర్లపాటు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యే సరికి నేను ఉద్యోగంలో ఉన్నాను, నష్టం జరిగిపోయింది కూడా.

ఆ సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే పని. రాత్రి షిఫ్టు వాళ్లకోసం పనుల చిట్టా ఒకటి నేనే తయారుచేశాను. అందులో డీలర్ల జాబితాను అక్షర క్రమంలో పెట్టే అంశం ఒకటుంది. నేను రాసిన వాక్యం ఇదీ: “జాబితా సార్ట్ చేయబడి, ఫలితము ఫైలులో భద్రపరచబడును.” చూడ్డానికి ఎంత హుందాగా ఉంది! కింద ఉదాహరణగా, సార్ట్ జాబితా > కొత్తజాబితా అని ఇచ్చాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు తెలివైనవాడు. రెండు ఫైళ్లెందుకు, ఒకదాంట్లోనే భద్రపరిస్తే పోలేదా అనుకుని, సార్ట్ జాబితా > జాబితా అని కొట్టాడు. ఎర్రర్ రాలేదు. జాబితా ఫైలు మాత్రం సున్నా బైట్లు అయింది.

అతను చేసినదాంట్లో నా వాక్యానికి విరుద్ధమైనది ఒక్కటీ లేదు. జాబితా సార్ట్ చేయబడాలి, ఫైలులో భద్రపరచబడాలి. తేడా వచ్చిందల్లా ఆ రెండు ‘బడు’ల వెనక ఎవరున్నారన్న దగ్గర. ఆ > గుర్తును సార్ట్ చూడనే చూడదు. దాన్ని చూసేది షెల్, అంటే మనం కొట్టిన కమాండును ముందుగా అందుకుని నడిపించే ప్రోగ్రాము. షెల్ ముందుగా కుడివైపున ఉన్న ఫైలు తెరిచి, అందులో ఉన్నదంతా తుడిచేసి, ఆ తరవాతే సార్ట్‌ని లేపుతుంది. సార్ట్ కళ్లు తెరిచేసరికి చదవడానికి ఏమీ మిగల్లేదు. ఖాళీ ఫైలును శ్రద్ధగా అక్షర క్రమంలో పెట్టి, పని విజయవంతమైందని చెప్పి వెళ్లిపోయింది.

అదే సార్ట్‌కి ‘మైనస్ ఓ’ అని ఒక ఆప్షన్ ఉంది. దాంతో చదివిన ఫైలులోకే తిరిగి రాయొచ్చు, ప్రమాదం లేదు, ఎందుకంటే అక్కడ రాసేది సార్ట్. మొత్తం చదివాకే అది రాయడానికి ఫైలు తెరుస్తుంది. ఒకే పని, ఒకే ఫైలు. చేసేవాడు మారితే ఒకచోట జాబితా ఉంటుంది, ఇంకోచోట పోతుంది. ఆ రాత్రి బ్యాకప్ టేపు కోసం వెతుకుతూ ఉండగా నాకు మార్జిన్‌లోని ఎర్రసిరా గుర్తొచ్చింది.

మాస్టారు రిటైరయ్యాక ఆ నోట్సు కట్ట నా చేతిలో పెట్టారు. దాన్ని నేనూ, ఇంకో ముగ్గురు మిత్రులూ కలిసి షెల్ స్క్రిప్టింగ్ గైడుగా మార్చాం. కొన్నేళ్లుగా నేను అందులో చేస్తున్న పని కొత్త అధ్యాయాలు రాయడం కాదు, ఉన్న వాక్యాలు దిద్దడం. “విషయం సరిగ్గానే ఉందిగా, భాషకు మెరుగులెందుకు?” అని ఇంట్లోవాళ్లు కూడా అడుగుతారు. మెరుగులు అన్న మాట దగ్గరే నాకు పేచీ. నగకు మెరుగు పెడితే నగ మారదు. ఈ గైడులో వాక్యం మారిస్తే చదివినవాడి చెయ్యి కీబోర్డు మీద వేరే మీట నొక్కుతుంది.

ఇక మన తెలుగు దగ్గరికి వస్తాను. తెలుగులో కర్తను చెప్పకపోయినా గడిచిపోతుంది, క్రియే చెప్పేస్తుంది. ‘వచ్చాను’ అంటే నేను, ‘వచ్చావా’ అంటే నువ్వు, ‘వచ్చారు’ అంటే మాస్టారు. ఆ సదుపాయానికి అలవాటు పడి కంప్యూటర్ గురించి రాసేటప్పుడు కూడా కర్తను మింగేస్తాం. కానీ అక్కడ షెల్ అది, కమాండ్ అది, కెర్నెల్ అది, ఫైలు అది, స్క్రిప్టూ అదే. అన్నీ నపుంసకలింగం, ఏకవచనం. అన్నింటికీ ‘చేస్తుంది’ ఒక్కటే. మనుషుల మధ్య మనల్ని ఆదుకునే క్రియ సరిగ్గా యంత్రం దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. “నక్షత్రం గుర్తు ఇస్తే అన్ని ఫైళ్లనూ తీసేస్తుంది.” ఏది? నక్షత్రం గుర్తును ఫైళ్ల పేర్లుగా విడగొట్టేది షెల్. ఫైళ్లను తీసేసే ఆర్‌ఎమ్‌కి ఆ నక్షత్రం ఎప్పుడూ కనబడదు, పేర్ల వరసే అందుతుంది. ఇది తెలియనివాడు ఫైండ్ కమాండ్‌లో, మైనస్ నేమ్ తరవాత *.లాగ్ అని కోట్స్ లేకుండా కొడతాడు. తనున్న ఫోల్డర్‌లో ఆ రకం ఫైలు లేనంతకాలం బ్యాష్ అనే షెల్‌లో అది పనిచేస్తూనే ఉంటుంది. ఒక్క ఫైలు వచ్చి చేరిన రోజున ఆ ఒక్క పేరునే వెతుకుతుంది, రెండు చేరితే ఎర్రర్ ఇస్తుంది. “నిన్నటిదాకా పనిచేసింది సార్” అంటాడు. నిజమే చెబుతున్నాడు.

మింగడమే కాదు, మన భాషలో దీనికి మందు కూడా ఉంది. చిన్నప్పుడు బడిలో క్త్వార్థకం అని చదువుకున్నాం. తిని, లేచి, వెళ్లి అన్నప్పుడు తిన్నవాడూ లేచినవాడూ వెళ్లినవాడూ ఒక్కడే అయి ఉండాలి. “షెల్ ఫైలు తెరిచి, తుడిచి, సార్ట్‌ని లేపుతుంది” అంటే ఆ మూడూ షెల్ పనులేనని వ్యాకరణమే హామీ ఇస్తుంది. చేసేవాడు మారితే ‘తెరిచి’ చెల్లదు. “షెల్ తెరిచాక సార్ట్ చదువుతుంది” అని ‘ఆక’కి దిగాల్సిందే. ఎవరన్నదీ, ఎప్పుడన్నదీ రెండూ ఒక్క ప్రత్యయంలో ఇమిడిపోయాయి. ఇంత పదునైన పనిముట్టు ఇంట్లో పెట్టుకుని ‘చేయబడి భద్రపరచబడును’ అని రాసుకున్నాం.

యూనిక్స్ తయారుచేసిన వాళ్లు ఈ ప్రశ్నను మొదట్నుంచీ ఎదుర్కొన్నారనిపిస్తుంది. దానికి ఆనవాలు ఎర్రర్ సందేశాల్లో ఉంది. ఒక చిన్న ప్రయోగం చెబుతాను, ఇంటికెళ్లి చేసి చూడండి. రూట్‌కి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో ఒక లైను చేర్చాలి. చాలామంది సుడో ఎకో అని రాసి, చేర్చాల్సిన లైను పెట్టి, రెండు > గుర్తులు పెట్టి ఆ ఫైలు పేరిస్తారు. పాస్‌వర్డ్ అడగనైనా అడగదు. నేరుగా పర్మిషన్ డినైడ్. సుడో ఇచ్చాక కూడా అనుమతి లేదంటాడేమిటని విద్యార్థి నెత్తి కొట్టుకుంటాడు. ఆ సందేశాన్ని మొదటి నుంచి చదవండి. కోలన్‌కి ముందు ఉన్న మాట ‘సుడో’ కాదు, ‘ఎకో’ కాదు, ‘బ్యాష్’. గోడు వెళ్లబోసుకుంటున్నది షెల్. సుడోని లేపకముందే ఫైలు తెరవాల్సింది షెల్, అదేమో మామూలు మనిషిగానే ఉంది. పని సుడో దాకా వెళ్లనే లేదు. అందుకే అక్కడ టీ అనే కమాండ్‌ను సుడోతో నడపమంటారు. అప్పుడు ఫైలు తెరిచేది టీ. సందేశం మొదట్లో పేరు పెట్టాలన్న ఆ పాత మర్యాద ఏమిటంటే, నేనే అంటున్నాను అని సంతకం పెట్టడం. మన విద్యార్థులు కోలన్ తరవాత ఉన్నదే చదువుతారు. మా గైడులో ఆ అధ్యాయం మొదటి వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: “ఎర్రర్ వస్తే ముందు ఎవరు పెట్టారో చూడు, ఏమని పెట్టారో తరవాత.”

కర్త విషయంలోనే కాదు, కర్మ విషయంలో కూడా పేచీలున్నాయి. ఎల్ఎన్ మైనస్ ఎస్ అని లింకు పెట్టే కమాండ్ ఉంది కదా. దాని వాడుక వివరిస్తూ గ్నూ మాన్యువల్, అప్పటికే ఉన్న ఫైలును ‘టార్గెట్’ అంటుంది, కొత్తగా పుట్టబోయేదాన్ని లింకు పేరు అంటుంది. పోసిక్స్ ప్రమాణం, అప్పటికే ఉన్నదాన్ని ‘సోర్స్’ అంటుంది, పుట్టబోయేదాన్ని ‘టార్గెట్’ అంటుంది. ఒకే మాట, ఇక్కడ వధువు, అక్కడ వరుడు. రెండు పుస్తకాలూ తమ తమ లెక్కలో సరైనవే. రెండూ తెరిచి పెట్టుకుని చదివినవాడే చెడతాడు. మాస్టారి నోట్సులో ఆ చోట సోర్స్, టార్గెట్ రెండూ కొట్టేసి ఉన్నాయి. పైన రాసి ఉన్నది: “దేనికి, ఏ పేరుతో.” అంతే. ‘కి’ అన్న విభక్తి, ‘తో’ అన్న విభక్తి పని పూర్తిచేశాయి. పారిభాషిక పదాలకోసం కమిటీ వేయనక్కర్లేకపోయింది.

తెలుగు అన్నింటా ఆదుకోదు. ‘వచ్చు’ ఉంది చూడండి, అది ప్రమాదకరమైన మాట. “ఈ ఆప్షన్ ఇస్తే పాత ఫైలును తీసేయవచ్చు.” దీనికి తీసేసే వీలుంది అని ఒక అర్థం, మీకు అనుమతి ఉంది అని ఒకటి, అది తీసేసే ప్రమాదం ఉంది అని మరొకటి. మూడో అర్థం హెచ్చరిక, మొదటి రెండూ ఆహ్వానాలు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకు ఇలాంటి బాధే వచ్చి, 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రంలో మస్ట్, షుడ్, మే లాంటి మాటలకు ఇదే అర్థమని తీర్మానించుకున్నారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. మా గైడులో హెచ్చరిక ఉన్నచోట ‘వచ్చు’ నిషేధం. “పాత ఫైలు పోతుంది. ఎప్పుడంటే...” అని మొదలుపెట్టి సందర్భం చెబుతాం. భయపెట్టేలా ఉందని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. ఉండనీ అన్నాను.

మాటలు దిద్దడానికీ ప్రోగ్రాముకూ ఉన్న సంబంధం నాకంటే బాగా తెలిసినవారు అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వారు. యూనిక్స్ తొలి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. రాసింది కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. వెంటపడి రాయించి, వాక్యం వాక్యం పట్టుకుని చూసింది డగ్ మెకిల్‌రాయ్. ఆ కొత్త సిస్టమ్‌ను తమ గది బయట మొదట వాడిన వాళ్లలో ఆ సంస్థ పేటెంట్ విభాగపు టైపిస్టులున్నారన్నది కూడా మరచిపోకూడదు. ప్రోగ్రాములో వికారాలు కాగితం మీద పెట్టేసరికి వాటిని అచ్చువేయడానికి మొహం చెల్లక, వివరించడానికి వీలుగా ఉండేలా ప్రోగ్రామునే మార్చేసేవాళ్లమని మెకిల్‌రాయ్ తరవాత చెప్పుకున్నారు. అంటే అక్కడ మాన్యువల్ రాయడం పనయ్యాక జరిగే తతంగం కాదు, పని సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష. మాన్యువల్ పేజీల్లో ‘బగ్స్’ అని ఒక శీర్షిక పెట్టి తమ లోపాలు తామే రాసుకున్న ధైర్యం కూడా వాళ్లదే. బ్యాష్ మాన్యువల్ ఇప్పటికీ ఆ శీర్షిక కింద, నేను మరీ పెద్దదాన్ని, మరీ నెమ్మది అని ఒప్పేసుకుంటుంది.

అక్కడే లోరిండా చెర్రీ అనే ఆమె పనిచేశారు. వాక్యాలు దిద్దడానికి సాయపడే స్టైల్, డిక్షన్ అనే ప్రోగ్రాములకు ఆమె కర్త. డిక్షన్ డొంకతిరుగుడు మాటలు పట్టిచ్చేది. స్టైల్ వాక్యాల పొడవు, అందులో ‘చేయబడు’ తరహా క్రియలు ఎంత శాతమో లెక్కగట్టేది. ఇది చదివిన ఉత్సాహంలో నేనూ మా గైడు మీద గ్రెప్‌తో ‘బడు’ వెతికాను. చేయబడును, పంపబడును కుప్పలుగా దొరికాయి, సంతోషం. వాటితోపాటు నిలబడుతుంది, కనబడుతుంది, వెనకబడుతుంది కూడా దొరికాయి. నిలబడేవాడు ఎవరో తెలుసు, పాపం. యంత్రం ‘బడు’ని పట్టిస్తుంది, దాని వెనక మనిషిని మనమే వెతుక్కోవాలి.

పారిభాషిక పదాల సంగతి నన్ను తప్పకుండా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్పేస్తాను. షెల్‌ను కర్పరం అనమని నాకు ఒకాయన సలహా ఇచ్చారు. పెద్దాయన, ఎదురు చెప్పలేదు. కానీ కర్పరం నా విద్యార్థి నోట పలకదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో తెచ్చిన వ్యవసాయ పదకోశం మన ముందుంది. రైతులు ఏమంటారో ఊళ్లకు వెళ్లి విని రాసుకున్న పుస్తకం అది. మన షెల్ వాడే పిల్లల మధ్యకు అలా ఎవరైనా వెళ్తే ఏం వినబడుతుంది? కమాండ్ కొడతారు. ప్రాసెస్ లేస్తుంది, చస్తుంది, చావకుండా మొండికేస్తే చంపుతారు. సర్వర్ పడిపోతుంది. స్క్రిప్ట్ ఆడుతూ ఉంటుంది. పైపు పైపే, పొలంలో మోటారు దగ్గర చూసిందే. మెకిల్‌రాయ్ 1964లో ఆ ఊహ చేసినప్పుడు పోలిక తెచ్చిందీ తోటకు నీళ్లు పెట్టే గొట్టంతోనే. ఈ మాటల్లో కర్త ఎవరన్నది ఎప్పుడూ తెలిసిపోతుందని గమనించారా? ప్రాసెస్ లేస్తుంది, ‘ప్రారంభించబడదు’. గిడుగువారు వాడుక భాషకోసం పోట్లాడి వందేళ్లు దాటింది, మాన్యువల్ రాయడానికి కూర్చోగానే మనలోని పాత గుమాస్తా ఇంకా నిద్ర లేస్తున్నాడు.

దిద్దిన వాక్యం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మాస్టారి పద్ధతి ఒకటే, వెనక నిలబడటం. విద్యార్థి నోట్సు చూస్తూ టైపు చేస్తుంటే కుర్చీ వెనక నిలబడి ఆ చేతులకేసే చూసేవారు. చెయ్యి ఎక్కడ ఆగిందో ఆ వాక్యం పక్కన చుక్క పెట్టుకునేవారు. ఇఫ్ తరవాత చదరపు బ్రాకెట్ దగ్గర ఆయన ఏళ్లతరబడి చుక్కలు పెట్టారట. “బ్రాకెట్‌కు ఇరువైపులా ఖాళీ ఉండవలెను” అని మొదట రాశారు. పిల్లలు మరిచిపోతూనే ఉన్నారు. “తప్పక ఉండవలెను” అన్నారు. అయినా అంతే. దాని కింద గీత గీశారు, డబ్బా కట్టారు. ఆ జిరాక్స్‌లో ఆ పేజీ యుద్ధభూమిలా ఉంటుంది. చివరికి ఒక వేసవిలో అంతా కొట్టేసి రాసింది: “ఈ బ్రాకెట్ గుర్తు కాదు, ఒక కమాండ్ పేరు. ఎల్ఎస్ తరవాత ఖాళీ పెట్టవా? దీనికీ అంతే.” ఆ బ్యాచ్ మాదే. మాలో ఎవరమూ అక్కడ తప్పు చేసిన గుర్తు లేదు. నియమాన్ని గట్టిగా చెప్పడం మానేసి, అది ఎవరో చెప్పారు.

ఇప్పుడు షెల్‌చెక్ అనే సాధనం వచ్చింది, విదార్ హోలెన్ రాసినది. స్క్రిప్ట్ ఇస్తే తప్పు చూపిస్తుంది. ప్రతి హెచ్చరికకూ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక పేజీ, ఆ పేజీలో చెడ్డ కోడు, మంచి కోడు, కారణం. కోట్స్ మరిచిపోయినందుకు 2086 నంబరు చూడని షెల్ స్క్రిప్టర్ ఉండడనుకుంటాను. కుర్చీ వెనక నిలబడే మాస్టారు లేని లోటు అది కొంత తీరుస్తుంది.

చివరిసారి నేను మాస్టారిని చూసింది వాళ్లింటి వరండాలో. చూపు తగ్గింది కాబట్టి గైడులో కొత్త పేజీలు చదివి వినిపించాను. సెట్ మైనస్ ఈ గురించి నేను రాసింది: “ఏదైనా కమాండ్ విఫలమైతే స్క్రిప్ట్ ఆగిపోతుంది.” ఆయన కళ్లు మూసుకునే “ఎవరు ఆపుతారు?” అన్నారు. షెల్ అన్నాను. “ప్రతిసారీనా?” కాదన్నాను. “మరైతే రాయి” అన్నారు. కాఫీ వచ్చింది, మాట మారింది. ఆ పేరాను ఇప్పటికి ఏడుసార్లు తిరగరాశాను. ఈ పొద్దున బస్సులో రాసింది ఎనిమిదోది, చదువుతాను.

“సెట్ మైనస్ ఈ పెట్టాక, ఒక కమాండ్ విఫలమైతే షెల్ అక్కడితో స్క్రిప్ట్‌ను ఆపేస్తుంది. కానీ ఆ కమాండ్ గెలిచిందా ఓడిందా అని షెల్ తనే అడుగుతున్న చోట ఆపదు. అంటే ఇఫ్, వైల్, అంటిల్ పక్కన ఉన్న షరతులో, ఆశ్చర్యార్థకం తగిలించిన కమాండ్ దగ్గర, రెండు యాంపర్సెండ్లకో రెండు నిలువుగీతలకో ఎడమవైపున. పైపుల వరసలో షెల్ చివరి కమాండ్ మాట మాత్రమే వింటుంది. మిగతావాటి మాట కూడా వినాలంటే పైప్‌ఫెయిల్ పెట్టు. ఇఫ్ షరతులో ఒక ఫంక్షన్‌ను పిలిస్తే, ఆ ఫంక్షన్ లోపల కూడా ఇదే వర్తిస్తుంది.”

ఆఖరి వాక్యంలో మళ్లీ మింగేశాను. చదువుతుంటే ఇప్పుడే వినబడింది. మీలో ఎవరికైనా మంచి మాట తోస్తే టీ దగ్గర చెప్పండి, పెన్ను నా దగ్గరుంది.